నాలుగు వందల పదిహేడు

"ఎగురుతున్నట్టు చెయ్యాలి అన్నయ్యా. నేల మీద నిలబడ్డట్టు వద్దు."

పైలట్ భార్య ఆ మాట అనేసరికి మెకానిక్ చేతిలో టీ కప్పు సగం దారిలో ఆగిపోయింది.

ఆయన వైమానిక దళం నుంచి రిటైరై ఆరేళ్లయింది. నిజం విమానాలు బాగుచేసిన చేతులు ఇప్పుడు వాటి బొమ్మలు చేస్తున్నాయి. కిట్ తెప్పించుకోవడం, ముక్కలు అతికించడం, రంగు వెయ్యడం, హాల్లో అద్దాల బీరువాలో పెట్టడం. అదే లోకం.

"ఎగిరేదా? ఈయన చేతా?" మెకానిక్ భార్య నవ్వింది. "ఇరవై రెండు చేశారు వదినా, ఒక్కటీ గాల్లోకి లేవలేదు. చూడు, అన్నిటికీ తోక రెక్క ఎలా వాలిపోయి ఉందో, అలిగిన కోడిపెట్టల్లా! పెళ్లయిన కొత్తలో గరిటె పట్టుకుని మరీ పాఠం చెప్పారు, తోక రెక్క లేస్తేనే ముక్కు లేస్తుందని. చేసేవి మాత్రం ఇలా."

"ఇంజను ఆపాక అలాగే వాలుతుంది," అన్నాడాయన. ఎవరడిగినా అదే జవాబు.

పైలట్ భార్య సంచిలోంచి భర్త నడిపిన విమానం పాత ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. "నంబరు గుర్తుందా అన్నయ్యా?"

"నాలుగు వందల పదిహేడు." తడుముకోలేదు.

"ఆయన పోయి పద్దెనిమిదేళ్లు. సముద్రంలో ఒక రెక్క ముక్క తప్ప ఏమీ దొరకలేదు. అయినా విచారణ కాగితంలో రాసేశారు. కిందికి దూకించి, ముక్కు పైకి లేపడం ఆలస్యం చేశాడట. తప్పంతా పైలట్‌దేనట. యూనిట్లో అమరుల స్తంభం మీద పోయినవాళ్లందరి పేర్లూ ఉన్నాయి, ఆయనది తప్ప." ఫోటో ఆయన వైపు జరిపింది. "ఇప్పుడు మా అమ్మాయి ఆ కాగితం చదివింది. 'నాన్న అంత తొందరపడే మనిషా అమ్మా?' అంటోంది. ఏం చెప్పను? కనీసం మా ఇంట్లోనైనా ఆయన ఎగురుతూ ఉండాలి."

మెకానిక్ ఫోటో వంకే చూస్తున్నాడు.

"ఆ పొద్దున ఆయన్ని కూర్చోబెట్టి బెల్టు బిగించింది మీరే. మీరు చేస్తేనే నాకు నమ్మకం."

"చేస్తానమ్మా," అన్నాడు ఫోటో చేతిలోకి తీసుకుని.

సరిగ్గా ఆ రకం కిట్ ఎక్కడా దొరకలేదు. దొరికింది రెండు సీట్లది. వెనక సీటు కోసేసి, ఆ ఖాళీని ప్లాస్టిక్ రేకుతో మూసి, పుట్టీ పెట్టి, తడి ఉప్పుకాగితంతో రుద్దాడు. ముక్కు నాలుగు మిల్లీమీటర్లు సాగదీశాడు. ఫోటోలో రంగు ఎక్కడ పెచ్చు లేచిందో అక్కడే పెచ్చు లేపాడు.

తెంపిన ప్రతి ముక్కకీ ఎప్పటిలాగే చీటీ. విమానంలోంచి ఏది ఊడదీసినా, తిరిగి బిగించడం మర్చిపోకుండా, ఆ విమానం నంబరు రాసి చీటీ కట్టాలన్నది వైమానిక దళంలో పద్ధతి. ఆ పట్టింపు చూసి యూనిట్లో ఆయనకి 'చీటీల మాస్టారు' అని పేరు పెట్టారు. ఇంట్లోనూ అంతే. కుట్టు మిషను బాగుచెయ్యడానికి కూర్చున్నాడంటే గది ధర చీటీలు వేలాడే బట్టల కొట్టులా తయారయ్యేది.

కానీ ఈసారి పనిలో సరదా లేదు. కంచం ముందు కూర్చుని తినడం మర్చిపోయేవాడు. పిలిస్తే ఉలిక్కిపడేవాడు.

"ఓ బొమ్మ కోసం ఇలా చిక్కిపోతారా? చేతకాకపోతే చెప్పెయ్యండి, వదిన ఏమీ అనుకోదు," అంది భార్య.

"అనుకోదు. అదే కదా," అన్నాడు.

రెండు నెలలకి పూర్తయింది. ఆదివారం పదింటికి పైలట్ భార్య వస్తానంది. తొమ్మిదింటికి ఆయన సన్నటి కుంచెతో తోక మీద నంబరు వేసి, కుంచె కడిగి పెట్టాడు.

భార్య దగ్గరికొచ్చి చూసింది. చక్రాలు లోపలికి ముడుచుకున్నాయి. గాజులాంటి కడ్డీ మీద విమానం నిజంగానే గాల్లో ఉన్నట్టుంది. తోక రెక్క మాత్రం వాలే ఉంది.

"ఏమండీ! ఎగిరేదానికి కూడా ఇదేనా?"

ఆయన బల్ల సర్దుతున్నాడు. కిట్ ముక్కలన్నీ తెంపగా మిగిలిన ప్లాస్టిక్ చట్రానికి ఒకే ఒక్క ముక్క వేలాడుతోంది. బియ్యపు గింజలో సగం.

"ఇది పెట్టలేదేం?"

"తోక రెక్కని బిగించే బోల్టు అది. నువ్వు ముట్టుకోకు. నా చెయ్యి వణుకుతోంది, కాసేపాగి చూద్దాం." స్నానానికని లేచి వెళ్లిపోయాడు.

పావు తక్కువ పది. ఆయన ఇంకా రాలేదు. లోపల నీళ్ల చప్పుడు కూడా లేదు.

పాపం, వయసు మీద పడింది, పైకి చెప్పుకోలేకపోతున్నారు అనుకుందామె. కళ్లజోడు పెట్టుకుని, ట్వీజరు తీసుకుని, తనే ఆ ముక్కని తెంపింది. అది టక్కున ఎగిరి ఎక్కడో పడింది. చీపురు తెచ్చి ఊడ్చింది. బల్ల కింద వెతికింది. దొరకలేదు.

మిగిలిన ముక్కలు ఆయన పాత పిప్పరమెంటు డబ్బాలో దాస్తారు. అలాంటిది ఇంకోటి ఉండకపోతుందా అని సొరుగు లాగి డబ్బా తెరిచింది. లోపల బుల్లి బుల్లి కాగితం పొట్లాలు, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ నంబరు. ఒకటి విప్పితే అదే ముక్క. ఇంకోటి విప్పింది. అదే. లెక్కపెడితే ఇరవై రెండు.

తలుపు బెల్లు మోగింది. "అన్నయ్యా, నేనే. మా అమ్మాయినీ తీసుకొచ్చాను."

డబ్బా అడుగున, నూనె మరకల గుడ్డలో, చిటికెన వేలంత అసలైన ఉక్కు బోల్టు ఒకటుంది, దానికి దారంతో కట్టిన పాత చీటీ మీద ఆయన చేతిరాతలో నాలుగు వందల పదిహేడు.