షేరు సోపతి

"నా కుక్కకేం మందు పెట్టినవ్ రజాక్ భాయ్? నిజం చెప్పు!"

మెట్ల మీద అడ్డంగా నిలబడి అడిగాడు అంజన్న. డిపో నుంచి వచ్చి ఇంకా ఖాకీ చొక్కా కూడా విప్పలేదు. పై వాటాలో ఉండే రజాక్ నమాజుకు బయల్దేరినవాడల్లా టోపీ సర్దుకుంటూ ఆగిపోయాడు.

"మందేంది అన్నా! మసీదుకు పొయ్యెటోన్ని. నీ కుక్క నోరు తగిల్తే బట్టలన్ని కడుక్కోవాలె. దాన్ని నేనెందుకు పిలుస్త?"

"మరి గొలుసు ఇడిసిపెట్టుడే ఆలస్యం, మీ మెట్లే ఎందుకెక్కుతది?"

"అది నా కాడికి రాదు. మిద్దె మీదికి పోతది. మా ఆడోళ్లు షాదీకి పోయిండ్రు, పైన ఎవ్వరు లేరు. పోయి నువ్వే చూస్కో."

రజాక్ పక్కనుంచి తప్పుకుని దిగిపోయాడు. అంజన్నకు నమ్మకం కుదరలేదు. ఇంట్లోకి వచ్చి చూస్తే గొలుసు ఉంది, కుక్క లేదు.

షేరు అంటే దూడంత ఆల్సేషియన్. ఉండేదేమో బహదూర్‌పురాలో మేడ మీద రెండు గదుల వాటా. అది సంతోషపడి తోక ఊపితే స్టవ్వు మీది గిన్నె కిందపడేది. ఈ గోడ నుంచి ఆ గోడకు ఉరుకుతుంటే కింది వాటావాళ్లు కప్పు కూలుతోందని లబలబలాడేవారు. దాన్ని అలసగొట్టడానికి అంజన్న పొద్దున పురానాపూల్ దాకా, సాయంత్రం మళ్లీ పురానాపూల్ దాకా దాని వెనక రొప్పుతూ పరుగెత్తేవాడు. కాళ్లు పీకితే పీకనీ, ఇంటికొచ్చాక అది తన ఒళ్లో తల పెట్టి పడుకుంటే అంజన్నకు నవాబైనట్టే ఉండేది. ఈమధ్య అది ఒళ్లోకి రావడం మానేసింది. షికారుకు పిలిస్తే ఆవలిస్తోంది.

"చెప్పులు కొరుకుత లేదు, కుండలు పలగ్గొడ్త లేదు. మంచిదే గద!" అంది భార్య వరమ్మ, బియ్యం చెరుగుతూ.

"నీకేం తెల్సు? అది నన్ను మర్సిపోయింది."

"నేను నెల దినాలు మా అమ్మగారింటికి పోయినప్పుడు గూడ గింత మొఖం మాడ్చుకోలే నువ్వు. నీకు కోపం గాదు, కుళ్లు."

"అవ్, కుళ్లే! నా కుక్క మీద నాకు గాక ఇంకెవలకుంటది కుళ్లు?" అని అంజన్న ధడధడా మెట్లెక్కాడు.

మిద్దె మీద మనిషన్నవాడు లేడు. రేపటి బక్రీద్‌కని రజాక్ తెచ్చి మేపుతున్న మేకపోతు ఉంది, షేరు ఉంది. పోతు వెనక కాళ్ల మీద లేచి కుమ్మబోతే షేరు వంగి తప్పించుకుని చుట్టూ గిరగిరా తిరిగింది. ఒకదాన్నొకటి తరుముకుంటూ మిద్దెంతా దుమ్ము లేపాయి. చివరికి అలసిపోయి పోతు నీళ్ల తొట్టి పక్కన కూలబడింది. షేరు పోయి దాని వీపు మీద తల ఆనించి, హాయిగా కళ్లు మూసుకుంది.

అంజన్న కొయ్యబారిపోయాడు. మనిషైతే కాలర్ పట్టుకునేవాడు. ఆకులు నమిలే మేకతో ఏం పోట్లాడతాడు?

"షేరూ!" అని ముద్దుగా పిలిచాడు. చెవి కదిలింది. కన్ను తెరుచుకోలేదు.

దాంతో అంజన్నకు ఒళ్లు తెలియలేదు. "రేపటి దాకనే గదరా నీ సంబరం! లే, నా కుక్కను ఇడిసిపెట్టు!" అంటూ పోతు కొమ్ము పట్టుకుని గుంజాడు. పోతు బెదిరి తల విదిల్చింది. కొమ్ము తొట్టి పక్కన ఉన్న పైపు సందులో ఇరుక్కుంది. అంజన్న అదీ చూసుకోకుండా ఇంకా గుంజాడు. ఫట్‌మని చప్పుడైంది. చూస్తే కొమ్ము అతని చేతిలో ఉంది.

పోతు అరుపుకు వరమ్మ పైకి ఉరికొచ్చింది. నెత్తురు చూసి, కిందికి పోయి పసుపు తెచ్చి అద్దింది. షేరు మేక చుట్టూ తిరుగుతూ మూలిగింది. అంజన్న వైపు మాత్రం చూడలేదు. అంతలో నమాజు చేసుకుని రజాక్ పైకి వచ్చాడు.

"అరే, క్యా కియా అన్నా! కొమ్ము మొదలంటా పోయింది గద!"

"తప్పైంది భాయ్. నా కండ్లు మూస్కపొయినయ్," అన్నాడు అంజన్న తల వంచుకుని. "ఒక కొమ్మే గద, పండుగకు ఫికర్ లేదు గద?"

"ఎట్ల లేదు? ఖుర్బానీకి కోసే జానవర్‌కు ఒంట్ల ఏ కొదవ ఉండొద్దు. కొమ్ము గిట్ల పోతే అది పనికే రాదు."

అంజన్నకు నిజంగానే సిగ్గేసింది. రజాక్ దాన్ని ఎంత ముద్దుగా మేపాడో అతనికి తెలుసు. "నువ్వు రంది పడకు. పురానాపూల్ కాడ ఇంకా అమ్ముతనే ఉన్నరు. దీనికంటె మంచిదాన్ని ఇప్పుడే తెచ్చి నీ మిద్దె మీద కట్టేస్త," అని గబగబా మెట్ల వైపు నడిచాడు.

"ఆగన్నా, ఉత్త చేతుల్తోని పోతవేంది?" అంటూ రజాక్ పోతు మెడలోని తాడు కొస అంజన్న చేతిలో పెట్టాడు. "రేపు పొయ్యేదాన్ని నువ్వే బతికిస్తివి, ఇగ ఎన్నేండ్లు బతికినా ఇది నీ ఇంట్లనే ఉంటది, తోల్కపో."