కళ్ళ కేసు

“నువ్విక్కడేంటమ్మా, దుర్గా?”

వెనక నుంచి వచ్చిన ఆ గొంతుకి సాయిదుర్గ చేతిలోని ఓపీ చీటీ నలిగిపోయింది. బీపీ మాత్రల వరసలో నాన్న స్నేహితుడు గోపాలకృష్ణమూర్తి గారు. ఊరివాళ్ళ కంట పడకూడదనే కాలేజీ ఎగ్గొట్టి, బస్సు మారి, ఇంత దూరం టౌను ఆసుపత్రికి వచ్చింది.

“ఏం లేదు బాబాయి గారూ... ఊరికే.”

“ఊరికే ఆసుపత్రికి ఎవరొస్తారమ్మా? ఆదివారం కోరుకొండ నుంచి పెళ్ళివారు వస్తున్నారన్నాడు మీ నాన్న. ఒంట్లో ఏమైనా...”

“ఇంకేముంటుందండీ, కళ్ళు!”

స్తంభం పక్క బెంచీ మీద నుంచి రత్నమాణిక్యం. దుర్గ వాళ్ళ వీధే, వరసకి అత్త. మోకాళ్ళ మాత్రలకని ప్రతి గురువారం ఇక్కడే ఉంటుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు.

“పగలూ రాత్రీ ఆ ఫోను చూస్తే కళ్ళు మండక ఏం చేస్తాయండీ? శ్యామలాంబ గారి కోడలు, కనకవల్లి కూతురు శ్రీసుధ, మన ఊరి పిల్లలందరికీ ఇదే జబ్బు. అవునా కాదటే?”

“అవునత్తా” అంది దుర్గ. దొరికిన అబద్ధాన్ని దొరికినట్టు పట్టుకుంది.

“అయితే ఆదివారం దాకా ఆ ఫోను పక్కన పెట్టమ్మా. పెళ్ళికొడుకుని సరిగ్గా చూసుకోవాలిగా” అని మూర్తి గారు నవ్వి, వరసలో ముందుకి జరిగారు.

గండం గడిచిందనుకునే లోపే అత్త ఆమె చెయ్యి పట్టుకుంది.

“పద, కళ్ళ డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను.”

“వద్దత్తా, నేనే వెళ్తాను.”

“నీకేం తెలుసే ఇక్కడ?”

దుర్గ గోడ గడియారం వైపు చూసింది. యువతకని పెట్టిన క్లినిక్ వారానికి ఒక్కరోజే, అదీ మధ్యాహ్నం దాకానే. ఏ గదిలోనో ఇంకా అడగనైనా అడగలేదు. ఎన్నాళ్ళుగానో చెప్పుకోలేని చోట మంట, దురద. క్లాసులో కుదురుగా కూర్చోలేకపోతోంది. అమ్మతో అంటే, “మజ్జిగ తాగు. పెళ్ళి కావలసిన పిల్లవి, ఎవరితోనూ అనకు” అంది. ఇవాళ తప్పితే మళ్ళీ వారం ఆగాలి.

అత్త వరండా పొడవునా లాక్కుపోతూనే ఉంది. “జరగండి బాబూ, కళ్ళ కేసు” అంటూ దారంతా చాటింపు. మూడో గది తలుపు తోసి, దుర్గని లోపలికి నెట్టి, తను బయటే ఉండిపోయి తలుపు దగ్గరగా వేసింది.

లోపల ఓ లేడీ డాక్టరు. దుర్గకి ఏడుపొచ్చేసింది.

“మేడం, నా కళ్ళు బాగానే ఉన్నాయండి. నేను... ఆ యువత క్లినిక్‌కి వచ్చానండి.”

“ఇదేనమ్మా. కూర్చో.”

డాక్టరు ఫ్యానుని ఆమె వైపు తిప్పింది. నెమ్మదిగా అడిగింది, ఓపిగ్గా వింది, తెర చాటున పరీక్ష చేసింది. ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు.

“ఫంగస్ అమ్మా. చాలామందికి వస్తుంది. నువ్వు ఏదో తప్పు చేసినందుకు వచ్చింది కాదు. ఈ మందు వాడు, తగ్గిపోతుంది. తగ్గకపోతే మళ్ళీ రా.”

“ఇంట్లో చెప్తారా అండీ?”

“నువ్వు చెప్పమంటే తప్ప చెప్పం.”

మందుని డాక్టరు మామూలు ఖాకీ కవర్లో పెట్టి ఇచ్చింది. బయట ఎవరు చూసినా ఏం మందో తెలియదు. దుర్గ చాలా రోజుల తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. వెళ్ళబోతూ ఏదో గుర్తొచ్చి ఆగింది.

“కళ్ళ డాక్టరు గారు ఏ గదిలో ఉంటారండి? మా అత్త పొరపాటున ఇక్కడికి తెచ్చింది. అడిగితే ఏదో ఒకటి చెప్పాలిగా.”

“ఈ ఆసుపత్రిలో కళ్ళ డాక్టరు లేరమ్మా.”

దుర్గ తలుపు తీసింది. వరండా చివర, చున్నీతో సగం ముఖం కప్పుకున్న అమ్మాయి ఒకతి లోపలికి రావాలా, వెనక్కి పోవాలా అని నిలబడి ఉంది. రత్నమాణిక్యం అప్పటికే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, బీపీ వరసంతా వినేలా అడుగుతోంది.

“కళ్ళేనా అమ్మా?”