తలుపులంత స్పీకర్లు

“మా షాపులో బట్టలు మార్చుకునే చోటికి అడ్డుగా సరిగ్గా సరిపోతాయి,” అంది టైలరమ్మ, హాలు మధ్యలో నిలబడ్డ రెండు నల్లటి పలకలకు టేపు పెట్టి కొలుస్తూ.

ఇంటాయన గబుక్కున అడ్డొచ్చాడు. “అవి అడ్డుతెరలు కాదమ్మా, స్పీకర్లు! లోపల డబ్బా ఉండదు. పల్చటి పొర ఒక్కటే కదిలి పాడుతుంది.”

“పిడికెడు స్పీకర్లొచ్చాక తలుపులంతవి ఎవరు కొంటారు? ఈవిడైనా కొంటానని వచ్చింది, సంతోషించండి,” అంది భార్య. గోడకి ఎడంగా ఉంటేనే బాగా పాడతాయని ఆయన వాటిని అక్కడ నిలబెట్టిన నాటినుంచీ ఆవిడ ఆ హాల్లో పక్కకి తిరిగే నడుస్తోంది.

ఆయన ఉక్రోషంగా టైలరమ్మని ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టి పాట పెట్టాడు. కాసేపటికి ఆవిడ లేచి, పలక వెనక్కి తొంగిచూసింది.

“ఎవరూ లేరేంటండీ! పాడేముందు ఆ గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపించిందే!”

“నాకెప్పుడూ వినిపించలేదే,” అంది భార్య.

“ఆ కుర్చీలో కూర్చుంటేనే వినిపిస్తుంది. కాస్త పక్కకి జరిగినా పోతుంది,” అన్నాడాయన.

“అందులో నన్నెప్పుడు కూర్చోనిచ్చారు?”

ఆయన వెళ్లి పాటని మొదటికి తిప్పాడు. లోకానికి చెవుల్లేవని ఇన్నేళ్లూ తిట్టుకున్నాడే తప్ప, ఇంట్లో ఉన్న చెవుల్ని పిలవాలని ఏనాడూ తోచలేదు.

భార్య వెళ్లి కూర్చుంది. పాట మళ్లీ మొదలైంది. ఊపిరి వినిపించగానే ఆవిడ కళ్లు కూడా పలక వెనక మనిషి కోసం వెతికాయి.

“ఏమీ అనుకోకమ్మా, ఇవి అమ్మం,” అంది చివరికి టైలరమ్మతో. తర్వాత మొగుడివైపు తిరక్కుండానే, “మీరెళ్లి టీ పెట్టండి. గిన్నెల చప్పుడు చెయ్యకండి!”