చెవి మిషన్

“ఆ పిన్నీసు అవతల పారెయ్యే! సెవిలో ఎట్టి గోక్కుంటారేటే ఎవరైనా?”

కనకమహాలక్ష్మి కూతురి చేతిలోంచి పిన్నీసు లాక్కుంది. శ్రీదేవి ఎడమచెవి పుట్టుకతోనే పనిచెయ్యదు. కుడిచెవికి చిన్నప్పటి నుంచీ వినికిడి మిషనే ఆధారం. అనకాపల్లి ఉక్కపోతకి దాని కింద చెమట చేరి, నెల్లాళ్లుగా ఒకటే దురద. చెవి ఎర్రగా కందిపోయింది.

“వారం రోజులు మిషన్ తీసి సెవిని ఆరనియ్యమన్నారు కదే డాక్టరుగారు!”

“తియ్యనమ్మా. తీత్తే నీ మాట ఇనబడదు.”

తల్లి గోరువెచ్చని కొబ్బరినూనె తెచ్చి, కూతురి వెనక కూర్చుని, చెవి డొప్పకి వేలికొసతో రాయసాగింది.

“మండుతందేటే?”

జవాబు లేదు. గట్టిగా అడిగింది. పేరు పెట్టి కేకేసింది. మిషన్ చెవిలోనే ఉన్నా శ్రీదేవి కదల్లేదు.

కనకమహాలక్ష్మి ముందుకొచ్చి కూతురికి ఎదురుగా కూర్చుంది. “ఇనబడ్డం లేదా?”

శ్రీదేవి తల దించుకుంది. “దసరా కాడ్నించి ఏటీ ఇనబడ్డం లేదమ్మా. నీ పెదాలు సూసి జవాబు సెప్తన్నాను.”

తల్లి ఆమె గడ్డం పైకెత్తింది. “మరెందుకే ఇంత దురదలో ఇది ఎట్టుకుంటన్నావు?”

“ఇది ఉంటేనే నువ్వు నాతో మాటాడతావు. తీసేత్తే సైగలు సేత్తావు.”

ఈ మిషన్‌తో కూడా వినబడకపోతే ఇక దారి లేదని డాక్టరు ఏనాడో చెప్పాడు. కనకమహాలక్ష్మి దాన్ని మెల్లగా తీసి, పొడిగుడ్డతో చెవి ఒత్తింది. ఏదో ఒకటి మాట్లాడాలి.

శ్రీదేవి తల్లి పెదాల వంకే చూస్తూ కూర్చుంది. అవి వణికాయి గానీ, ఒక్క మాటా రాలేదు.