పెట్టిన చెయ్యి

“అవ్వా, నీ ముక్కుపుడక తిరగబడింది.”

పొద్దు గుంకాక ఆ మాట అన్నది ఆరేళ్ళ మౌనిక.

వెంకటలక్ష్మమ్మ ఉలిక్కిపడింది. మనవరాలికి రేచీకటి. మసక పడితే చాలు, గడప ఎక్కడుందో తెలియక తడుముకునే పిల్ల.

“ఎట్ల కనపడిందే నీకు?”

“కనపడతాంది. గెణుసుగడ్డల పెద్దమ్మ రోజూ ఒక గడ్డ పెడతాంది. తింటే కండ్లొస్తాయంట.”

ముసలామె మొహంలో సంతోషం పుట్టినచోటే చచ్చిపోయింది.

వరుసగా రెండో ఏడు వాన తప్పింది. కుందుర్పి దగ్గర ఆ ఊళ్ళో పెద్ద సేద్యం వాళ్ళదే. బోరు ఎండింది, ఎనుములను అమ్మేశారు, పాలు పెరుగు మాట మరిచారు. అయినా ఆ ఇంట్లో సన్నబియ్యం అన్నం, నీళ్ళచారు తప్ప ఇంకోటి వండరు. చిలగడదుంప, అదే గెణుసుగడ్డ, కూలోళ్ళ తిండి. అది పొయ్యి మీద ఉడికితే పరువు పోతుంది. పరువు నిలబడింది, పిల్ల కండ్లు మసకబారాయి.

బడి గోడవార ఉడికించిన గడ్డలు అమ్మే ఆమె పేరు లక్ష్మక్క. పొరుగూరు మనిషి. ఆటలయ్యాక పొద్దు గుంకే వేళ గోడ పట్టుకుని నడిచే మౌనికను ఒకరోజు చూసింది. అప్పటి నుంచి రోజూ ఒక గడ్డ ఒలిచి పిల్ల చేతిలో పెట్టేది.

“పరాయి మనిషి పిలిచి పిలిచి పెడతాందంటే ఏందిరా అర్థం?” వెంకటలక్ష్మమ్మ కొడుకు బయ్యన్నను నిలదీసింది. “పెట్టుడుమందు. పిల్లను మన మీంచి మళ్ళించుకునే ఎత్తు.”

“కండ్లు బాగైనాయి గదత్తా,” అంది కోడలు హేమ మెల్లగా.

“అవి నేను కట్టించిన తాయెత్తుతో బాగైనాయి.”

మంచి తాయెత్తుకు, చెడు గెణుసుగడ్డకు. ఆ ఇంట్లో పంచాయితీలు ఎప్పుడూ అట్లే తెగేవి.

మరుసటి రోజు తల్లీకొడుకులు బడి దగ్గరికి పోయారు. వెంకటలక్ష్మమ్మ తట్టలోంచి ఒక గడ్డ తీసి విరిచింది. లోపల క్యారెట్ రంగు.

“గెణుసు తెల్లగ ఉంటాది. ఇదేంది ఈ రంగు? ఏం కలిపినావు?”

“ఇది వేరే జాతి తల్లీ. మా పెరట్లో పెట్టుకున్నా. మూడుపూట్లా మాకదే కూడు. కండ్లకు మంచిదని కండ్ల డాక్టరమ్మ చెప్పింది.”

“వెనకటి కరువులో మా తోటలో గడ్డ తవ్వినాక, మిగిలింది ఏరుకుంటామని పరిగెకు వచ్చినోళ్ళను ఒడి దులిపిచ్చి తరిమినదాన్ని నేను. పందులకేసినా గానీ మీ అట్లోళ్ళకు ఇయ్యలే. నాకు చెప్తావా గెణుసు గురించి?”

లక్ష్మక్క ఆమె మొహంలోకి ఒకసారి చూసింది.

“తెలుసు తల్లీ,” అంది.

బయ్యన్న ఆమె కుడిచెయ్యి గోడకు అదిమిపెట్టి రాయితో కొట్టాడు. మందు పెట్టిన చెయ్యి కాబట్టి ఆ శిక్ష సరిపోయిందని ఊరంతా ఒప్పుకుంది. అడ్డం పోయినవాడు లేడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది.

“నన్నేమన్నా చెయ్యప్పా,” అంది ఆమె పండ్లు బిగబట్టి. “పాపకు గడ్డ మాత్రం మాన్పొద్దు.”

అదే సాయంత్రం మందు కక్కించే కుళ్ళాయప్పను పిలిపించారు. అతను పిల్ల ముక్కు మూసి గొంతులో చేదు పసరు పోశాడు. వాంతిలో ఎర్రటి తునకలు పడ్డాయి.

“అదిగో, మందు,” అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు చేతులెత్తి మొక్కారు.

పసరు అంతటితో పోలేదు. పిల్లకు నెలంతా విరేచనాలు. ఒళ్ళు పుల్లయింది. మళ్ళీ సాయంత్రాలు గడప తడుముకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు మిట్టమధ్యాహ్నం కూడా తడుముకుంది.

అప్పుడు అనంతపురం తీసుకుపోయారు.

“కుడికన్ను పోయింది. గుడ్డు తెల్లబడింది,” అన్నాడు కంటి డాక్టరు. “ఎడమది దక్కాలంటే మందుతో పాటు తిండి మారాల. మధ్యలో బాగైందంటిరే, అప్పుడేం తినింది?”

బయ్యన్న నేల చూశాడు. హేమే చెప్పింది, “గెణుసుగడ్డ సార్. లోపల ఎర్రగా ఉండేది.”

“మరి ఎందుకు మాన్పినారు?”



ఆ రంగు గడ్డ సంతలో దొరకలేదు. చివరికి బయ్యన్న సిగ్గు చంపుకుని లక్ష్మక్క ఊరు పోయాడు. కొట్టం వెనక ఒక ఎదిగిన పిల్ల తల వంచుకుని తీగల కింద మట్టి తవ్వుతోంది.

“లక్ష్మక్క ఉండాదా?”

“అమ్మ పోయిందన్నా. చెయ్యి చీము పట్టింది.”

బయ్యన్న వెనక్కి తిరగబోయాడు. పాప ఎడమకన్ను గుర్తొచ్చి ఆగాడు.

“గడ్డలు కావల్లమ్మా. మా పాపకు.”

ఆ పిల్ల చేతులు ఆగాయి.

“మౌనికకా? నువ్వొస్తావని అమ్మ చెప్పింది. వస్తే ల్యాదనకుండా ఇయ్యమనింది.”

మట్టిలో తడిమి తడిమి పెద్ద గడ్డలే ఏరి గుడ్డలో మూట కట్టింది. మూట అందించడానికి తల ఎత్తింది. రెండు కండ్లూ తెల్లగా ఉన్నాయి, మౌనిక కుడికన్ను మాదిరే.

“ఇదెట్లయింది నీకు?” అన్నాడు బయ్యన్న.

“నన్ను చంకనేసుకొని మా అమ్మ మీ తోటకు పరిగెకొస్తే ఒడి దులిపి తరిమినారు గదన్నా, తినేదానికి ఏమీ ల్యాక ఆ కరువేట్లోనే పోయినాయి,” అంటూ ఆ పిల్ల ఇంకో గడ్డ తడిమి మూటలో వేసింది.