పోయిన వస్తువుల పేజీ

“మీ చుట్టం వచ్చారా బాబాయ్?” భుజాన సంచీ దించకుండానే అడిగింది కొత్తమ్మాయి.

“వచ్చారు. ఎనిమిదీ నలభైకి.”

“అబ్బ! ఇవాళైనా ఎగ్గొడతారనుకున్నా.”

పాతాయన నవ్వుకుని తెర వైపు తిరిగాడు. ఆఫీసంతా ఆయన్ని పాతాయనే అంటుంది. బాబాయ్ అనేది ఈ పిల్లొక్కతే, అదీ సగం వెక్కిరింతగా.

రెండో అంతస్తులోని ఆ గదిలో ఉండేది ఇద్దరే. బస్సుల వేళలు, పాసులు, ఫిర్యాదులు చూపించే వెబ్‌సైట్‌ని పదహారేళ్ల కిందట ఒంటిచేత్తో కట్టింది ఆయన. దాన్ని కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో తిరగరాయడానికి వచ్చింది ఆమె. నడిచే బస్సుకి చక్రం మార్చినట్టు, పాతదాన్ని ఆపకుండా పక్కనే కొత్తది నడుపుతూ ఒక్కో పేజీనీ ఇటు నుంచి అటు చేర్చారు. ఏడాది తిరిగేసరికి పాతిల్లు ఖాళీ అయింది.

ఒక్కరు తప్ప. ఎవరో పాత చిరునామా దాచుకుని, పనిరోజుల్లో పొద్దున్నే నేరుగా పాతింట్లో ‘పోయిన వస్తువులు’ పేజీ తెరుస్తున్నారు. ఫారం నింపరు. ఒక నిమిషం ఉండి వెళ్లిపోతారు. వాళ్లిద్దరూ ‘చుట్టం’ అనేది ఆ మనిషినే.

వారం పాటు ఎవరూ రాకపోతేనే పాతదాన్ని ఆపాలని మొదట్లోనే రాసుకున్నారు. అది ఆగిన రోజున పాతాయన కొలువూ ఆగుతుంది. ఇంటికి వెళితే తాళం వేసేదీ ఆయనే, తీసేదీ ఆయనే. అందుకని ఆ ముక్కూమొహం తెలియని మనిషి మీద ఆయనకి ప్రాణం.

“పాపం, ఏం పోగొట్టుకున్నారో,” అన్నాడొకసారి. “గొడుగో, కళ్లజోడో.”

“బుద్ధి పోగొట్టుకుని ఉంటారు. లేకపోతే అంత చక్కటి కొత్త పేజీ ఉండగా ఈ బూజులోకి ఎవరొస్తారు?”

మధ్యాహ్నం ఎదురెదురుగా డబ్బాలు తెరుచుకుంటారు. ఆమె చెవుల్లో పాటలు పెట్టుకుని తింటుంది. మాటలుండవు. అయినా ఆమె డబ్బా తెరిచేదాకా ఆయన తన మూత తీయడు.

నడుమ ఒక వారం ఆమె జ్వరంతో మూడు రోజులు రాలేదు. ఖర్మ కొద్దీ ఆ మూడు రోజులూ చుట్టం కూడా రాలేదు. కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేని గదిలో, మూత తీయని డబ్బాతో, పాతాయన రోజులు లెక్కపెట్టుకున్నాడు. నాలుగో రోజు ఎనిమిదీ నలభైకి చుట్టం, తొమ్మిదికి చేతిలో ఫోనుతో నీరసంగా ఆ పిల్ల వచ్చాక గానీ ఆయనకి అన్నం సయించలేదు.

ఒకరోజు మేనేజరు వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. “ఒక్క మనిషి కోసం ఆ ముసలి సర్వర్‌ని ఎన్నాళ్లు మేపుదామండీ?”

“కోడలు కాపురానికొచ్చిందని అత్తని వీధిలో నిలబెడతామా సార్?” అన్నాడు పాతాయన.

“తాళాల గుత్తి వదలని అత్తలూ ఉంటారు సార్,” అంది అమ్మాయి తలెత్తకుండా.

మేనేజరు పకపకా నవ్వి, ఉన్నట్టుండి ఆగాడు. “దాచకుండా చెప్పండి. ఆ వచ్చేది మీరే కదూ?”

పాతాయన ముఖం మాడిపోయింది. పదహారేళ్లలో దొంగలెక్క ఒక్కటైనా రాసిన చెయ్యి కాదు.

“నువ్వు చూడమ్మా,” అన్నాడు మేనేజరు.

ఆమె అరగంట వెతికింది. “బాబాయ్ కాదు సార్. బయటి ఫోను. ఎవరిదో తెలీదు.”

“ఎవరైతేనేం, నేను పైవాళ్లతో మాట్లాడతా. శుక్రవారం అయిదింటికి ఆపేయండి.”

మేనేజరు వెళ్లాక పాతాయన ఆ పేజీ నెత్తిన తన చేత్తోనే రాశాడు: ‘ఈ పేజీ శుక్రవారం సాయంత్రం అయిదింటికి మూసేస్తున్నాం. ఇన్నాళ్లూ వచ్చినందుకు దండాలు. మీ వస్తువు దొరకాలి.’

ఆమె లేచి వచ్చి, ఆయన భుజం మీదుగా చదివింది. “దండాలేంటి బాబాయ్, పెళ్లివారిని సాగనంపినట్టు!” అని, మొహం కడుక్కొస్తానని వెళ్లి చాలాసేపటికి గానీ రాలేదు.

శుక్రవారం కూడా చుట్టం ఎనిమిదీ నలభైకే వచ్చి వెళ్లారు. సాయంత్రం నాలుగున్నరకి ఆమె సంచీ భుజాన వేసుకుంది.

“బస్సుకి టైమైంది,” అంది, ఎటో చూస్తూ.

“మంచిదమ్మా.”

అంతే. వెళ్లొస్తానన్న మాటైనా అనలేదు. పని తీరింది, ఇక నాతో ఏం పని అనుకున్నాడు పాతాయన. డబ్బా, కళ్లజోడు పెట్టె, అరిగిన మౌసు సంచీలో సర్దుకున్నాడు. అయిదుకి రెండు నిమిషాలుందనగా, సర్వర్ ఆపే ఆదేశం టైపు చేసి మీట మీద వేలు ఉంచాడు.

తెర మూల ఏదో మెరిసింది. చుట్టం మళ్లీ వచ్చారు. ఈసారి ఫారం నింపి పంపారు.

వేలు తీసేసి, కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఒక్కో గడీ చదివాడు.

ఎప్పుడు పోయింది: ఇవాళ, అయిదింటికి.

ఏ బస్సులో: బస్సులో కాదు.

పోయిన వస్తువు: మా బాబాయ్.