కవర్లు తీసిన ఇల్లు

“చస్తే తియ్యను,” అంది పిన్ని, సోఫాకి అడ్డంగా నిలబడి. “కావాలంటే దుప్పటితో సహా తీసుకో ఫోటో.”

“ఆ దుప్పటి నేను డిజైన్ చెయ్యలేదు పిన్నీ!”

అప్పటికే రెండున్నర. నాలుగింటికల్లా ఫోటోలు డాక్టరమ్మకి చేరాలి. ఆవిడ కొత్తగా మూడంతస్తుల ఇల్లు కట్టుకుంది. లోపలి పనంతా చేతికొస్తే ఇంటీరియర్ డిజైనర్‌గా ఈ అమ్మాయి నిలదొక్కుకున్నట్టే. రాకపోతే మళ్ళీ ఏదో ఆఫీసులో చేరి ఇంకొకరి గీతలు దిద్దుకుంటూ కూర్చోవాలి. డాక్టరమ్మ పెట్టిన షరతు ఒక్కటే: “మీరు చేసిన ఇల్లు, కనీసం రెండేళ్ళుగా మనుషులు కాపురముంటున్నది, ఫోటోలు తీసి పంపండి. చూశాక మాట్లాడదాం.”

అమ్మాయి సొంతంగా పూర్తిచేసిన ఇల్లంటూ ఉన్నది ఇదొక్కటే. సరిగ్గా రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ పిన్ని ఆ ఇంటికి ముసుగులు వేస్తూనే ఉంది. సోఫా మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద దుప్పటి. భోజనాల బల్ల మీద అద్దంలాంటి షీటు, దాని మీద గుడ్డ, గుడ్డ మాయకుండా పాత పేపర్లు. టీవీకి అంచులు కుట్టిన ముసుగు. రిమోట్‌కి ప్లాస్టిక్ సంచి, దానికి రబ్బరు బ్యాండు. పైనుంచి వేలాడే దీపానికి బాబాయి పాత లుంగీ.

“ఒక్క గంట పిన్నీ. నా పోర్ట్‌ఫోలియోలో చూపించడానికి ఇంతకంటే వేరే దిక్కు లేదు.”

“గంటలో ఎంత దుమ్ము పడుతుందో తెలుసా నీకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?”

“ఉద్యోగం కూడా మానేశానే! నా బతుకు నీ దుప్పటి కింద ఉంది!”

ఆ మాటకి పిన్ని కొంచెం మెత్తబడింది. కానీ ఒక్కసారిగా వదల్లేదు. కూరగాయల బేరంలా ఒక్కో ముసుగుకీ వాదించింది. సోఫా సరే, బల్ల వద్దు. బల్ల సరే, దీపం వద్దు. దీపం దగ్గరికొచ్చేసరికి అమ్మాయికి తలప్రాణం తోకకొచ్చింది. స్టూలెక్కి లుంగీ తనే లాగేసింది.

అలమరల దగ్గర ఇంకో గండం. తలుపుల మీద పలచటి ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే ఉంది, ఫ్యాక్టరీలో అంటించి పంపినది.

“ఇది కూడా తియ్యలేదా? ఇది తీసెయ్యడానికే పిన్నీ అంటిస్తారు!”

“ఊరికే ఇచ్చినదాన్ని ఎవరైనా పారేస్తారటే?”

గోటితో మూలలు రేపి, అమ్మాయి ఆ పొరలన్నీ సర్రున లాగేసింది. లాగినప్పుడల్లా తన చర్మమే ఊడినట్టు పిన్ని “అబ్బా” అంది.

బాబాయి చేతిలో పేపరుతో గడపలో నిలబడి కళ్ళు చికిలించాడు. “సోఫా ఆకుపచ్చా? నేనిన్నాళ్ళూ నీలమనుకున్నానే!”

“మీరు లోపలికి రాకండి,” అంది పిన్ని.

“రెండేళ్ళుగా లోపలికి రానిస్తే కదా! వంటింట్లో స్టూలు మీద తిండి, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో పేపరు. ఇంట్లో ఉన్నట్టే లేదు, గెస్ట్‌హౌస్ వాచ్‌మన్‌లా ఉంది నా పని.” ఆయన మెల్లగా సోఫా వైపు నడిచాడు. “పోనీ, నేనిక్కడ కూర్చుని పేపరు చదువుతుంటా. అలా తియ్యవే ఫోటో. మనిషున్నట్టు ఉంటుంది.”

“కూర్చుంటే గుంట పడుతుంది!” అని పిన్ని అరిచింది.

“ఫోటో ఫ్రేము పాడవుతుంది బాబాయ్!” అని అమ్మాయీ అరిచింది.

ఇద్దరూ ఒక్కసారే అరిచేసరికి పాపం ఆయన పేపరు చంకలో పెట్టుకుని వరండా దారి పట్టాడు. గడప దగ్గర ఆయన చెప్పులు గోడకున్న అద్దంలో కనబడుతున్నాయని అమ్మాయి వాటిని కూడా కాలితో పక్కకి తోసేసింది. పిన్ని కళ్ళజోడు, మందుల డబ్బా, కరెంటు బిల్లు కూడా అమ్మాయే తీసి సొరుగులో పడేసింది. ఒక దిండు కాస్త వంకరగా ఉందని మూడుసార్లు సరిచేసింది.

ఇక ఆపకుండా ఫోటోలు తీసింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. సోఫా మీద ముడత లేదు, బల్ల మీద గీత లేదు, అలమర తలుపుల మీద వేలి ముద్ర లేదు. కెమెరాలో చూసుకుంటుంటే అమ్మాయికి కళ్ళు చెమర్చాయి. ఇంత బాగా చేశానా నేను అనిపించింది.

“అయిందా?” అంటూనే పిన్ని దుప్పటి దులపడం మొదలుపెట్టింది.

నాలుగవడానికి ఐదు నిమిషాలుండగా పన్నెండు ఫోటోలు వెళ్ళాయి. కింద అమ్మాయి ఒక వాక్యం రాసింది: ‘రెండేళ్ళుగా మా పిన్నీ బాబాయీ కాపురముంటున్న ఇల్లండీ.’ ఫోను ఒళ్ళో పెట్టుకుని బాబాయి పక్కనే వరండాలో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

పావుగంటకి ఫోను మోగింది. మెసేజ్. పిన్ని కూడా లుంగీ చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

“గట్టిగా చదవ్వే!”

అమ్మాయి చదివింది.

“కంప్యూటర్లో బొమ్మలు చాలా చక్కగా చేశారమ్మా. మనుషులుంటున్న ఇల్లు మీ దగ్గర లేదని ముందే చెప్పుంటే సరిపోయేదిగా. పని ఇంకొకరికి ఇచ్చేశాను.”